శిబిరానికి ఎంత గొడ్డలి కావాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న గురువులకు, సంఘం పెద్దలకు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి వచ్చిన అన్నలకూ అక్కలకూ, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

స్వర్ణోత్సవ సభలో గొడ్డలి గురించి మాట్లాడతానంటే మిత్రులు నవ్వారు. మన మూడూర్ల పేర్ల పక్కన ఆ మాట వింటే బయటివాళ్లకు సినిమా గుర్తొస్తుంది. నేను చెప్పేది మాత్రం పొయ్యికట్టెలు కొట్టే గొడ్డలి సంగతి. మన బడి పిల్లల్ని గండికోట దగ్గర రాత్రి శిబిరానికి తీసుకుపోవాలని అయ్యవార్లు అనుకుంటున్నారు. సామాన్ల జాబితాలో 'గొడ్డలి - 1' అని రాశారు. ఎంత బరువో, ఎంత పొడవో రాయలేదు. దాని మీదే పిల్లల కాళ్లూ చేతులూ ఆధారపడి ఉన్నాయి కాబట్టి ఇంజనీరుగా నాలుగు మాటలు చెబుతాను.

మొదట బరువు. ఎంత బరువుంటే అంత బాగా తెగుతుందని మనవాళ్ల నమ్మకం. లెక్క వేరేగా ఉంది. దెబ్బలో ఉండే శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, వేగం పెరిగితే దాని వర్గంతో పెరుగుతుంది. 1200 గ్రాముల తల సెకనుకు 7 మీటర్ల వేగంతో దిగితే సుమారు 29 జౌళ్లు. 600 గ్రాముల తల 10 మీటర్ల వేగంతో దిగితే 30 జౌళ్లు. సగం బరువుతో అంతే పని. పైగా పది దెబ్బల తర్వాత కూడా మణికట్టు మన మాట వింటుంది. అలసిన చేతిలో గొడ్డలి ఎటు పోతుందో చెప్పలేం.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తల 500 నుంచి 600 గ్రాములు, పిడి 35 నుంచి 40 సెంటీమీటర్లు చాలు. పెద్దవాళ్లకు తల 600 నుంచి 800 గ్రాములు, పిడి 45 నుంచి 50 సెంటీమీటర్లు. ఇంట్లో మొద్దులు చీల్చే రెండు కిలోల గొడ్డలిని ఇంట్లోనే ఉంచండి. కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి: పిడి చివర పట్టుకుని, చేయి చాచి, గొడ్డలిని భుజం ఎత్తుకు పదిసార్లు లేపాలి. మణికట్టు వాలిపోతే అది మీ గొడ్డలి కాదు.

పొట్టి పిడితో ఒక ప్రమాదం ఉంది. నిలబడి కొడితే, గురి తప్పిన దెబ్బ నేరుగా మోకాలికో ముంగాలికో వస్తుంది. అందుకే పొట్టి గొడ్డలితో మోకాళ్ల మీద కూర్చుని, కట్టెను మొద్దు మీద పెట్టి కొట్టాలి. అప్పుడు తప్పిన దెబ్బ మొద్దుకో నేలకో తగులుతుంది. చాచిన చేయి, గొడ్డలి కలిసి ఎంత దూరం తిరుగుతాయో అంత వలయంలో ఇంకొకరు ఉండకూడదు. పని లేనప్పుడు అంచుకు తోలు తొడుగు ఉండాలి.

ఇక పిడి బిగింపు. మామూలు గొడ్డలికి పిడిని బెజ్జంలో దూర్చి చీల కొడతారు. మన ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. చెక్క ఎండి కుంచించుకుపోయి తల వదులవుతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టడం మన ఊళ్ల వైద్యం. ఉబ్బిన చెక్క బెజ్జంలో నలిగి, ఆరాక ఇంకా వదులవుతుంది. ఉత్తర అమెరికా ఆదివాసుల టొమాహాక్‌లో దీనికి మంచి ఉపాయం ఉంది. పిడి పైకొస లావుగా ఉంటుంది. తలను కిందికొస నుంచి ఎక్కించి పైకి బిగిస్తారు. విసిరే కొద్దీ బిగుస్తుంది, ఊడి ఎగరదు. వింతేమీ లేదు, మన పికాసు బిగింపు అదే. పిడి విరిగితే ఏ కొమ్మనైనా చెక్కి తొడుక్కోవచ్చు. అయితే దాని తల పలచన. సన్న కొమ్మలు తెంచుతుంది, లావు మొద్దులో ఇరుక్కుంటుంది.

కొలిమి దగ్గర చేయించుకుంటే లారీ కమాన్ పట్టీల ఉక్కు మంచిది. అంచు మీద ఆకురాయి లాగి చూడండి. జారిపోతే ఉక్కు మరీ గట్టి, పెచ్చులూడుతుంది. వెన్నలా తెగితే మెత్తన, పదును నిలవదు. కాస్త పట్టీ పట్టనట్టుండాలి. పిడికి చిరుమాను కర్ర శ్రేష్ఠం. కర్ర గీతలు నిలువునా సాగాలి, ముడులుండకూడదు.

చివరగా, ఏం కొట్టాలి? మన జిల్లా అడవుల్లో ఎర్రచందనం ఉంది. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం నియంత్రణ ఉంది. రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం నేరం, గొడ్డలితో కనిపించడమే అనుమానం. గండికోట కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అందువల్ల కట్టెలు జమ్మలమడుగులోనే కొనుక్కుని పోవాలి. కంపచెట్టు కట్టె ఎక్కడైనా దొరుకుతుంది, బాగా మండుతుంది. ఎండిన కట్టె బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు దాకా గొడ్డలితో కొట్టండి. అంతకు మించితే రంపం వాడండి.

కాబట్టి అయ్యవార్లకు నా మనవి. జాబితాలో ఆ వరుస కొట్టేసి ఇలా రాయండి: 'గొడ్డలి 1, తల 600 గ్రాములు, పిడి 40 సెంటీమీటర్లు, పికాసు బిగింపు, తోలు తొడుగు. రంపం 1. కట్టె కొట్టేటప్పుడు పక్కన ఒక అయ్యవారు.' గొడ్డలి చేయించి ఇచ్చే ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. పక్కన నిలబడే అయ్యవారిని మాత్రం మీరే చూసుకోవాలి.

సెలవు.