బోరు ఎండితే ఎవరిని అడగవలెను?
(పూతలపట్టు రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



మీ తోటలో బోరు ఎండినదనుకొనుడు. భూగర్భ శాస్త్రజ్ఞుని అడిగితే, ఇక్కడ అడుగున ఉన్నది గట్టి రాయి, నీరు దాని పగుళ్లలోనే నిలుచును, లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గును అంటాడు. పంటల శాస్త్రజ్ఞుడు చెరకు ఏడాది పొడవునా నీరు కోరును, వేరుశెనగ నాలుగు నెలలలో చేతికి వచ్చును అంటాడు. సేద్యపు కరెంటు 2004 నుండి ఉచితము, ఇక మోటారు ఆపవలెనని ఎవరికి తోచునని అర్థశాస్త్రజ్ఞుడు అడుగుతాడు. క్రొత్త బోరుకు అనుమతి ఏదని 2002 నాటి వాల్టా చట్టము అడుగును. అందరి మాటా నిజమే. ఎండిన బోరు మాత్రము ఒక్కటే!

ఈ శాస్త్రములను ఒక్కచోట కూర్చి నేర్పునదే పర్యావరణ సుస్థిరత చదువు. పేరు కొంచెము బరువైనదే లెండి. పర్యావరణ విద్య తప్పనిసరి కావలెనని 1991లో సుప్రీంకోర్టు చెప్పిన పిమ్మట డిగ్రీలలో అది ఒక పాఠముగా చేరినది. ఒక్క పాఠముతో బోరు సంగతి తేలదు. మనకు దగ్గరలో, తిరుపతిలో 1961లో వెలసిన వ్యవసాయ కళాశాల ఉన్నది. అందలి 4 ఏండ్ల డిగ్రీలో నేల, నీరు, పురుగు, వాతావరణము, ధరలు అన్నీ చదివి, చివరి ఏట పల్లెలో రైతుల వద్ద పని నేర్తురు.

ఉద్యోగము వచ్చునా అని అడుగుదురు. ఇంజనీరుకు వచ్చినంత సులువుగా రాకపోవచ్చును, అది దాచను. ఏ కళాశాలయైనను పిల్లను చేర్చక ముందు పాఠముల పట్టిక తెప్పించి చూడండి. పొలములో ఎన్ని వారములు పని చేయింతురో అడగండి. ప్రవేశ ప్రకటనలు తరచు మామిడికాయ పల్ప్ ఫ్యాక్టరీలకు తోలే రోజులలోనే వచ్చును. ఆ హడావుడిలో గడువు దాటనీయకండి.