ఆగ్రాను వినిపించిన శాక్సఫోన్

(ఢిల్లీలోని మన బ్యాంకు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంగీతం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. త్యాగరాజస్వామి గురించో, ఘంటసాల గారి గురించో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. వారి గురించి నాకన్నా బాగా చెప్పగలవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని నేను జాజ్ సంగీతం గురించి చెబుతాను. కంగారు పడకండి, ఇది మన ఢిల్లీ కథే.

హ్యారీ కార్నీ అని ఒక అమెరికన్ వాద్యకారుడు ఉండేవాడు. 1910లో బోస్టన్‌లో పుట్టాడు. 1927లో, 17 ఏళ్ళ వయసులో, డ్యూక్ ఎలింగ్టన్ వాద్యబృందంలో చేరాడు. 1974లో ఎలింగ్టన్ చనిపోయేదాకా అందులోనే ఉన్నాడు. దాదాపు 47 ఏళ్ళు ఒకే చోట సర్వీసు! 'ఆయనకేం, ట్రాన్స్‌ఫర్లు లేవుగా' అనకండి. ఆ బృందం ఏడాది పొడుగునా ఊరూరా తిరిగేది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలింగ్టన్‌ను తన కారులో కూర్చోబెట్టుకొని తీసుకువెళ్ళినవాడు కూడా కార్నీయే. ఎలింగ్టన్ పోయిన నాలుగైదు నెలలకే ఆయనా కన్నుమూశాడు.

కార్నీ క్లారినెట్, బాస్ క్లారినెట్, ఆల్టో శాక్సఫోన్ కూడా వాయించేవాడు. పేరు తెచ్చింది మాత్రం బారిటోన్ శాక్సఫోన్. కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలు విన్నవాళ్ళకు శాక్సఫోన్ కొత్త కాదు. ఆయనది ఆల్టో. బారిటోన్ దానికన్నా చాలా పెద్దది, బరువైనది; గొంతు మంద్రంగా ఉంటుంది. వెనక ఉండి శ్రుతి నింపడానికే అనుకునే ఆ వాద్యాన్ని ముందుకు తెచ్చి పాడించినవాళ్ళలో కార్నీ మొదటి వరసలోనివాడు. పెళ్ళిళ్ళలో సన్నాయి మేళం చూశారుగా? శ్రుతి పట్టే ఆయన బుగ్గల్లో గాలి నిలుపుకొని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, నాదం తెగకుండా ఊదుతాడు. కార్నీ కూడా ఆ పద్ధతిలోనే ఒక్క స్వరాన్ని అలా సాగదీసి నిలబెట్టేవాడు.

1963లో అమెరికా ప్రభుత్వం ఎలింగ్టన్ బృందాన్ని మన వైపు దేశాలకు పంపింది. ఢిల్లీ వచ్చాక ఎలింగ్టన్‌కు జబ్బు చేసి ఆసుపత్రిలో చేరాడు. ఆయన లేకుండానే బృందం కచేరీ చేసింది. మేనేజరు సెలవు పెడితే బ్రాంచి తెరవకుండా ఉంటామా! అలాగే అన్నమాట. నవంబరులో అధ్యక్షుడు కెనడీ హత్య జరగడంతో ఆ పర్యటన మధ్యలోనే ఆగిపోయింది.

ఈ ప్రయాణం నుంచి పుట్టిన రికార్డు పేరు 'ఫార్ ఈస్ట్ సూట్'. ఎలింగ్టన్, ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ కలిసి కూర్చారు. మొత్తం 9 భాగాలు. కొన్నిటిని 1964లోనే కచేరీల్లో వాయించినా, పూర్తి రికార్డింగు 1966 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగింది. తర్వాత గ్రామీ అవార్డు కూడా వచ్చింది. అందులో ఒక భాగం పేరు 'బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ'. ఢిల్లీ మకాంలో స్ట్రేహార్న్ విన్న గోరింక కూత అందులో జిమ్మీ హామిల్టన్ క్లారినెట్‌లో పలుకుతుంది. చుట్టూ వాద్యాలు ఎంత హడావుడి చేసినా ఆ పిట్ట తన పాట తాను పాడుకుంటూనే ఉంటుంది. ఇంకో భాగం 'ఆగ్రా'. తాజ్‌మహల్ తలపుతో కూర్చిన దాన్ని కార్నీ చేతికిచ్చారు. మూడు నిమిషాలు కూడా ఉండదు. పాలరాతి తెలుపుకన్నా దాని బరువే ఎక్కువ వినిపిస్తుంది నాకు.

నన్ను ఆకట్టుకున్నది ఏమిటంటే, ఆ రికార్డులో సితార్ లేదు, తబలా లేదు. మన వాద్యాలు నాలుగు తెచ్చి పెట్టుకుంటే సులువుగా 'ఇండియా' అనిపించేది. వాళ్ళు ఆ పని చేయలేదు. చూసినది మనసులో నాననిచ్చి, తమ వాద్యాలతో, తమ భాషలోనే చెప్పారు.

ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు, చిట్టిబాబు గారి గురువు, ఇదే ఢిల్లీలో ఆకాశవాణి వాద్యబృందానికి స్వరాలు కూర్చి నడిపించారు. అన్ని ప్రాంతాల వాద్యాలనూ కలుపుకొన్నారు. వీణ మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

మనందరి ఇళ్ళలో ఉన్న ప్రశ్న కూడా ఇదే. మన పిల్లలు నోయిడాలో, గుర్‌గావ్‌లో పెరుగుతున్నారు. హిందీలో పోట్లాడుకుంటారు, ఇంగ్లీషులో చదువుకుంటారు. వాళ్ళు ఏ ఊరివాళ్ళు? మా అమ్మాయి పదకొండో తరగతి. స్కూలు బ్యాండులో క్లారినెట్ వాయిస్తుంది. 'కోచింగు ఏడాది, ఆ బూర ఎందుకు, మానిపించండి' అని బంధువులు. 'మన సంగీతమైనా కాదాయె' అని మా అమ్మ. ఇంట్లో నెల్లాళ్ళు చర్చ నడిచింది. చివరికి మానిపించలేదు. రోజుకు అరగంట వాయించుకోమన్నాం. ఈమధ్య ఆ క్లారినెట్ మీద మా అమ్మ పాడే లాలిపాట పట్టుకోవాలని చూస్తోంది. ఇంకా పూర్తిగా పలకడం లేదు. మా అమ్మ మాత్రం పక్కనే కూర్చొని తప్పులు దిద్దుతోంది.

ఢిల్లీ మన పిల్లలకు ఏమిచ్చినా తీసుకోనిద్దాం. దాన్ని చెప్పుకోవడానికి ఒక సొంత గొంతు మాత్రం మనం ఇంట్లో ఇచ్చి పంపాలి. పై నెల సమావేశానికి పిల్లలు తమ వాద్యాలతో రండి. వీణైనా సరే, గిటారైనా సరే, ఏదీ లేకపోతే ఈలైనా సరే.

సెలవు.