ఆటలోకి పారిపోయే పిల్లలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన విషయం "వీడియో గేములు – యువత పతనం". అందులో పతనం అనే మాటను వారి అనుమతితోనే తీసివేశాను. పిల్లలు హాలు వెనుక వరుసల్లో కూర్చుని ఉన్నారు. మొదటి మాటలోనే తీర్పు చెప్పేస్తే లేచి వెళ్లిపోతారు. వెళ్లి ఏం చేస్తారో మీకు తెలుసు.

మనలో చాలామంది ఈ ఆటలను తిట్టినవాళ్లమే గాని, పక్కన కూర్చుని చూసినవాళ్లం కాము. అందుచేత ముందు ఒక ఆట సంగతి చెబుతాను. పబ్జీ పేరు వినని ఇల్లు లేదు. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2021లో బీజీఎంఐ అనే కొత్త పేరుతో వచ్చింది, 2022లో ఆగింది, 2023లో తిరిగి వచ్చింది. ఆట ఏమిటంటే, ఒక విమానంలో నుంచి దాదాపు వందమంది పారాచూట్లతో ఒక దీవి మీదికి దూకుతారు. అందరూ ఉత్త చేతులతోనే దిగుతారు. ఖాళీ ఇళ్లలో వెదుక్కుని తుపాకులు, మందులు సంపాదించుకోవాలి. ప్రాణంతో ఉండగలిగిన చోటు అంతకంతకూ చిన్న వలయంగా కుంచించుకుపోతుంది. చివరికి మిగిలినవాడో, మిగిలిన జట్టో గెలిచినట్లు. అంతా అరగంట పని.

ఇందులో ఏముంది అంటారా? డాక్టరుగారి అబ్బాయైనా, పంక్చరు షాపు కుర్రాడైనా అక్కడ దిగేటప్పుడు చేతిలో తుపాకీ ఉండదు. బాగా ఆడితే ఆ క్షణమే మెప్పు దొరుకుతుంది. ఓడిపోతే నిమిషంలో ఇంకో విమానం సిద్ధంగా ఉంటుంది. ఇంటర్మీడియట్ తప్పిన పిల్లవాడికి మన ఇళ్లలో రెండో విమానం ఎన్నాళ్లకు వస్తుంది?

మా వీధిలో ఒక కుర్రవాడున్నాడు. పేరు చెప్పను, ఊహించే ప్రయత్నమూ చేయకండి. తండ్రి గల్ఫులో ఉంటాడు, రెండేళ్లకొకసారి వస్తాడు. ఫోనులో తండ్రి అడిగేది మార్కులు ఒక్కటే. పిల్లవాడు రాత్రి రెండింటిదాకా ఆడి పగలు పదింటికి లేస్తున్నాడని తల్లి వచ్చి ఏడిస్తే, ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని "నాకూ నేర్పురా" అన్నాను. నేర్పలేక నవ్వాడు, ఫోను నా చేతిలో తలకిందులుగా ఉంది మరి. ఆ తరువాత వాడి ఆట చూశాను. నలుగురి జట్టుకు వాడే నాయకుడు. "ఆ గోడ వెనక్కి రా భాయ్, నేను కాస్తాను" అని ఎవరికో ధైర్యం చెబుతున్నాడు. ఇంట్లో వాడి పేరు పనికిమాలినోడు. మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది. లెక్కలు, ఫిజిక్సు తప్పాడు. సప్లిమెంటరీ ఫీజు కట్టే గడువు దాటిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "ఆట ఆపితే అదే గుర్తొస్తది మామూ" అన్నాడు.

ఇది సెల్‌ఫోనుతో పుట్టిన జబ్బని అనుకోవద్దు. ప్రేమ్‌చంద్ 1924లో 'షత్రంజ్ కే ఖిలాడీ' అనే కథ వ్రాశారు. లక్నోలో ఇద్దరు జాగీర్దార్లు పగలూ రాత్రీ చదరంగం ఆడుతుంటారు. సైన్యంలోకి పిలుపు వస్తుందన్న భయంతో ఊరి బయటి పాడుబడిన మసీదుకు బల్ల మార్చుకుంటారు. 1856లో కుంఫిణీవాళ్లు వాజిద్ అలీ షా రాజ్యాన్ని కలుపుకున్నప్పుడు కూడా వీళ్లు తలెత్తి చూసి, మళ్లీ ఎత్తులోకి దిగుతారు. కథలో చివరకు ఆట మీద తగవులాడి ఒకరినొకరు పొడుచుకుని చస్తారు. 1977లో సత్యజిత్ రాయ్ సినిమా తీసినప్పుడు వాళ్లను చంపలేదు, మళ్లీ ఆటకు కూర్చోబెట్టారు. నాకు ఆ రెండో ముగింపే ఎక్కువ భయం వేస్తుంది. ఆ ఇద్దరికీ లేనిదేమీ లేదు. బాధ్యతను చూసి పారిపోయారు, అంతే.

వారికి పూర్తిగా ఎదురు దిక్కున ఇంకొకడున్నాడు. నార్వే దేశపు మాట్స్ స్టీన్. కండరాలు క్రమంగా నశించిపోయే డుషేన్ వ్యాధితో పుట్టాడు. చిన్నతనంలోనే చక్రాల కుర్చీ పట్టాడు. వేల గంటలు 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే కంప్యూటరు ఆటలోనే గడిపాడు. అక్కడ అతని పేరు ఇబెలిన్. పరుగెత్తేవాడు, కత్తి దూసేవాడు. పాపం స్నేహితులు లేని బ్రతుకని తల్లిదండ్రులు కుమిలిపోయారు. 2014లో ఇరవై అయిదేళ్లకు చనిపోయాడు. తండ్రి ఆ కబురు ఇంటర్‌నెట్‌లో తెలియజేస్తే, ఎన్నడూ చూడని మనుషుల నుంచి ఉత్తరాలు వచ్చి పడ్డాయి. ఒక అమ్మాయి కంప్యూటరును తల్లిదండ్రులు తీసేసుకుంటే, మాట్స్ వాళ్లకు నచ్చజెబుతూ ఉత్తరం వ్రాశాడట. కొడుకుతో మాట కలవని ఒక తల్లికి, ఆటలోనే వాడిని కలుసుకోమని దారి చూపాడట. వేరే దేశాల నుంచి కొందరు అంత్యక్రియలకు కూడా వచ్చారు. అతని మీద 2024లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది, తల్లిదండ్రులు తప్పక చూడవలసినది.

వెనుక వరుసవాళ్లు చప్పట్లు కొట్టకండి. మాట్స్‌కు వేరే దారి లేదు. మీకు రెండు కాళ్లున్నాయి. మన పిల్లలలో ఎక్కువమంది ఆ జాగీర్దార్లూ కారు, మాట్స్ కూడా కారు, నడిమధ్య ఉన్నారు. ఎవడు దేన్ని చూసి పారిపోతున్నాడో ఒక్కొక్కరినీ విడిగా అడిగితే గాని తెలియదు.

వైద్యులు దీనికి హద్దు గీశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'గేమింగ్ డిజార్డర్'ను వ్యాధుల జాబితాలో చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అందులో రోజుకు ఇన్ని గంటలు అనే లెక్క లేదు, గమనించండి. ఆట మీద అదుపు తప్పడం, తిండి చదువుల కంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉంటే వ్యాధి అంటారు. సెలవుల్లో నాలుగు రోజులు ఆడినవాడికి ఆ ముద్ర వేయవద్దు. నిజంగా ఆ స్థితిలో ఉంటే దాచవద్దు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఇందుకోసం 2014లోనే క్లినిక్ పెట్టారు. అంతదూరం పోలేనివారికి టెలీ మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు అక్కరలేదు.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ వంటివి ఈ లెక్కలోకి రావు. అది జూదం. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బాటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అందులో పడినవాడి విషయంలో నాకు వేరే మాట లేదు.

ఫోను లాక్కుని గోడకేసి కొట్టిన తండ్రులు ఈ హాలులోనే ఉన్నారు. ఫోను పగిలింది, వారం తిరగకుండా అప్పు చేసి ఇంకొకటి కొన్నారు. ఆ సప్లిమెంటరీ ఫీజు అంతకంటే తక్కువ గదా!

ఇక పని సంగతి. మన సంఘం హాలు ఏడాదిలో చాలా రోజులు తాళం వేసే ఉంటుంది. మగ్రిబ్ తరువాత రెండు గంటలు తెరిచి ఉంచడానికి వాచ్‌మన్ ఒప్పుకున్నాడు. క్యారమ్ బోర్డు ఉంది, స్ట్రైకరు పోయింది. ట్యూబులైటు ఒకటి వెలగడం లేదు. పరీక్ష ఫీజుల తేదీలు నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో వ్రాసే పని నాది. లెక్కలు చెప్పేవారు ఒకరు, ఫిజిక్సు చెప్పేవారు ఒకరు కావాలి, వారానికి మూడు సాయంత్రాలు చాలు. భోజనాలకు లేచే ముందు కార్యదర్శిగారి దగ్గర పేర్లు వ్రాయించండి.