ముల్లు చెప్పు మాట



ఒకప్పుడు మన సీమలో సంతకొక శేరుండెడిది. ఒక సంతలో కొలిచిన కందులను మఱియొక సంతలో కొలిచినచో లెక్క కలిసెడిది కాదు. గింజలు తప్పని ఎవరును అనరు. శేరు తప్పనియు అనరు. “ఏ ఊరి శేరు?” అని మాత్రము అడిగెడివారు. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, దేశమంతటికిని కిలో, లీటరు, మీటరు ఏర్పడిన పిమ్మట ఆ చిక్కు తీఱినది. అయితే అదే చిక్కు నేడు మోటారు బండ్లలో మఱియొక రూపమున మన వాకిటికి వచ్చినది. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

జీపు గాని, లారీ గాని, ట్రాక్టరు గాని నడుపువాని యెదుట ఒక పలక యుండును. దానిపై గడియారముల వంటి మీటర్లుండును. ఒకటి వేగము చెప్పును. ఒకటి డీజిలెంత యున్నదో చెప్పును. ఒకటి ఇంజనులోని నీటి వేడిమిని, ఒకటి నూనె యొత్తిడిని తెలుపును. 1941లో అమెరికాలో తయారైన విల్లీసు యుద్ధపు జీపునకు ఇట్టి మీటర్లు ఐదుండెను. యుద్ధము ముగిసి, 1947 తరువాత మహీంద్రావారు మనదేశమున ఆ జాతి జీపులను కూర్చి అమ్మిరి. తరము మాఱిన కొలది బండి పైరూపు అంతగా మాఱలేదు గాని లోపలి సంగతులు మాఱినవి. మొదటి జీపులకు 6 వోల్టుల బాటరీ, తరువాతి వానికి 12 వోల్టులది. మొదటివానిలో నూనె సన్నని గొట్టము గుండ మీటరు వఱకు వచ్చి తానే ముల్లును త్రోసెడిది. తరువాత ఆ పని విద్యుత్తు చేసినది. మఱికొన్నింటిలో ముల్లే పోయి ఎఱ్ఱదీపము వచ్చినది.

మీటరు చెడినప్పుడు అదే తరపుది దొరకుట కష్టము. కావున పత్తికొండ చుట్టుప్రక్కల రైతులు పాతసామాను అంగడికి పోయి, మఱియొక తరపు బండి మీటరు తెచ్చి బిగింతురు. రంధ్రమునకు సరిపోయినది, ముల్లు కదలుచున్నది, పని తీఱినదని సంతోషింతురు. ఉన్న వస్తువును పాఱవేయక మఱల వాడుకొనుట మెట్టసీమవారికి వానలు నేర్పిన గుణము. దానిని నేను తప్పుపట్టను. కాని మీటరొక్కటి తెచ్చుట సగము పనియే యని చెప్పుటకే ఈ ప్రసంగము.

మీటరు నోటి వంటిది. చూచు కన్ను వేఱొకచోట నున్నది. డీజిలు సంగతియే తీసికొనుడు. ట్యాంకులో ఒక బెండు తేలుచుండును. డీజిలు హెచ్చినచో బెండు లేచును, తగ్గినచో దిగును. దానికి తగిలించిన కడ్డీ విద్యుత్తునకు కలుగు అడ్డమును హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఈ అడ్డమును కొలుచు ప్రమాణమునకు ఓము అని పేరు. మీటరు ఆ ఓములను బట్టి ముల్లును నడుపును. ఒక పద్ధతిలో ట్యాంకు ఖాళీయైనచో 240 ఓములు, నిండినచో 33. మఱియొక పద్ధతిలో ఖాళీకి సున్న, నిండుటకు 90. ఒక పద్ధతి కన్నునకు మఱియొక పద్ధతి నోరు తగిలించినచో ఖాళీ ట్యాంకు నిండుగను, నిండు ట్యాంకు తక్కువగను కనబడును. కన్ను అబద్ధము చూడలేదు, నోరు అబద్ధమాడలేదు. ఒకరి భాష ఒకరికి తెలియలేదు, అంతియే.

డీజిలు తప్పినచో బండి త్రోవలో నిలుచును. నూనె యొత్తిడి తప్పినచో ఇంజనే పోవును. నేనెఱిగిన యొక రైతు తన పాత జీపునకు అంగడిలో కొన్న నూనె మీటరు పెట్టించెను. ఇంజనునకు తగిలియున్న కన్ను వేఱొక పద్ధతిది. ఒత్తిడి లేనప్పుడు దాని అడ్డము 10 ఓములు, ఒత్తిడి నిండుగా నున్నప్పుడు సుమారు 180. మీటరు మాత్రము 240 మొదలు 33 వఱకు తిరోగతిని చదువునది. మామూలుగా నడుచునప్పుడు కన్ను సుమారు 100 ఓములు చెప్పెడిది. ఆ మీటరునకును నడిమి అంకె అదియే. కనుక ముల్లు చక్కగా నడుమ నిలిచెడిది. అందఱును బాగున్నదనిరి. ఇంజను నడువక మునుపు తాళము త్రిప్పగానే ముల్లు నిండుగా నిలుచుటను ఎవరును పట్టించుకొనలేదు.

ఒక వేసవిలో అతడు టమాటా బుట్టలతో పత్తికొండ మార్కెట్టునకు బయలుదేరెను. త్రోవలో నూనె కాఱిపోవ నారంభించెను. నూనె తగ్గిన కొలది ముల్లు పైకి ప్రాకెను. నూనె పుష్కలముగా నున్నదని తలచి అతడు వేగము హెచ్చించెను. కొంతదూరము పోవునప్పటికి ఇంజను బిగిసి బండి నిలిచిపోయెను. మీటరు వెల చాల స్వల్పము. ఇంజను బాగుచేయించుటకు ఆ యేటి వేరుసెనగ డబ్బు చాలలేదు. బుట్టలలోని పండ్లు బాటప్రక్కనే మురిగిపోయినవి.

ఈ చిక్కు మనకే గాక ధనికదేశముల వారికిని గలదు. జపానులో హిరోషిమా ప్రాంతపు మాజ్డా సంస్థవారు 1989లో మియాటా యను స్పోర్ట్సు కారును విడిచిరి. అది ఇద్దరు మాత్రమే కూర్చుండి సరదాగా వేగముగా నడుపుకొను చిన్న బండి. తొలి యేండ్ల కారులలో నూనె మీటరుపై 0, 30, 60, 90 అని అంకెలుండి ముల్లు నిజమైన యొత్తిడిని చూపెడిది. 1990ల నడుమ ఆ పద్ధతి మాఱినది. మీటరును ముల్లును ఉంచిరి గాని దాని వెనుక నున్నది కేవలము ఒక స్విచ్చి. కొంచెమైనను ఒత్తిడి యున్నచో ముల్లు నడుమకు వచ్చి నిలుచును. అది లేనిచో పడిపోవును. ఇంజను వేడెక్కినప్పుడు ఒత్తిడి తగ్గుట సహజమే యైనను ముల్లు దిగుట చూచి కొన్నవారు బెదరెడివారనియు, వారిని ఊరడించుటకే ఇట్లు చేసిరనియు చెప్పుదురు. ఆ ఊరడింపు వలదనుకొన్నవారు తొలితరపు మీటరును వెదకి తెచ్చి తరువాతి కారులో బిగించుకొనుచున్నారు. అందు తెలిసినవారు మీటరుతో పాటు ఇంజను వద్దనుండు తొలితరపు కన్నును గూడ తెచ్చి పెట్టుదురు. మనము నేర్వవలసినది ఇదియే. ముల్లును కన్నును జతగా తెచ్చుకొనవలయును.

వేగపు మీటరు సంగతి వేఱు. 1902లో జర్మనీలో ఓటో షుల్ట్సె యనువాడు దానికి హక్కుపత్రము పొందెను. గేరుపెట్టె నుండి ఒక తీగ తిరుగుచు వచ్చి మీటరులోని అయస్కాంతమును త్రిప్పును. దానిని కప్పియుండు లోహపు గిన్నె ఆ యీడ్పునకు కొంత తిరుగును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు లాగును. ఆ రెండింటి నడుమ ముల్లు నిలుచును. తీగ మైలునకు ఎన్ని చుట్లు తిరుగుననునది బండిబండికి భేదించును. అమెరికావారు 1000 చుట్లు ప్రమాణముగా పెట్టుకొనిరి. ఇంగ్లండులోని స్మిత్సు సంస్థవారు తమ మీటర్ల ముఖముమీదనే ఆ సంఖ్యను చిన్న అంకెలతో ముద్రించిరి. 1000 చుట్ల మీటరును 1250 చుట్లు తిరుగు బండికి పెట్టినచో 40 మైళ్ల వేగము 50గా కనబడును. 100 మైళ్ల ప్రయాణము 125 మైళ్లుగా లెక్కకెక్కును. దూరమును బట్టి బాడుగ ఇచ్చువాడు నాలుగింట నొకవంతు అదనముగా చెల్లించుకొనును. పాత మైళ్ల మీటరును కిలోమీటర్లదని చదువుటయు ప్రమాదమే. ముల్లు 50 చూపినచో బండి నిజముగా 80 కిలోమీటర్ల వేగమున పోవుచుండును.

ట్రాక్టరు కొనువారికొక మాట. పాత ట్రాక్టర్ల గంటల మీటరు గడియారము కాదు. అది ఇంజను చుట్లను లెక్కించును. ఇంజను నిర్ణీత వేగమున నడిచినప్పుడే ఒక గంటకు ఒక గంట కదలును. వేఱొక ట్రాక్టరు మీటరు పెట్టినచో ఆ లెక్కయంతయు ఆ వేఱొక బండి చరిత్రయే. మీటరు మార్చినవారు పాత మీటరుపై నున్న అంకెను, మార్చిన తేదీని కాగితముపై వ్రాసి బండి పత్రములతో నుంచుట ధర్మము. కొనువారు ఆ కాగితమును అడుగుట న్యాయము. నేటి క్రొత్త బండ్లలో తిరిగిన దూరము మీటరు పలక జ్ఞాపకములోనే దాగియుండును. కొన్నిటిలో తాళపుచెవి గుర్తును అందులోనే యుండును. అట్టి పలకను ఊరక మార్చినచో ఇంజను కదలకయు పోవచ్చును.

పరీక్షలు కష్టమైనవి కావు. తాళము త్రిప్పి ఇంజను నడుపక చూడుడు. నూనె ముల్లు సున్నయొద్ద నుండవలయును. డీజిలు ట్యాంకును ఖాళీచేసి, ఐదేసి లీటర్లు పోయుచు ముల్లెచ్చట నిలుచునో వ్రాసికొనుడు. వేడిమి చూచు కన్నును విప్పి, దాని తీగను, దాని యొంటికి తగిలించిన యొక తీగను బండికి కలిపి, మరుగు నీటిలో ముంచుడు. ముల్లు 100 డిగ్రీల దరి నిలువవలయును. దారిప్రక్క కిలోమీటరు ఱాళ్లను చూచుచు పది ఱాళ్లు దాటుడు. మీటరు పది తిరిగినదో లేదో తెలియును. ఇంతకు ముందు 6 వోల్టుల మీటరును 12 వోల్టుల బండికి తగిలింపలేదు గదా యని మేస్త్రీని అడుగుడు.

గుడ్డికన్న మెల్ల మేలని మనవారి సామెత. మీటర్ల విషయమున అది తలక్రిందగును. మీటరు లేని బండివాడు నూనె కడ్డీ తీసి చూచును, రేడియేటరు మూత విప్పి చూచును, ఇంజను శబ్దము వినును. అబద్ధపు మీటరు గలవాడు ఆ జాగ్రత్తలన్నియు మానుకొనును. కావున మీ యింటి బండికి ఎవరైన వేఱొక బండి మీటరు తెచ్చి పెట్టినచో వెల యడుగుటకు మునుపు దాని జత కన్నును తెచ్చినారా యని అడుగుడు. తేలేదన్నచో ఆ చోటును ఖాళీగా నుంచి, ఉదయముననే నూనె కడ్డీ తీసి చూచుకొనుడు.