పిల్లర్ల మీది బాట, పిల్లర్ల కింది బతుకు

(అత్తాపూర్‌లో జరిగిన ఒక బస్తీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు రమ్మని కబురు పెట్టినప్పుడు జాగ ఎక్కడ అని అడిగినం. పిల్లర్ నంబరు చెప్పిండ్రు. అత్తాపూర్‌లో, ఉప్పర్‌పల్లిలో ఎవరింటికి పోవాలన్నా ఇప్పుడు అదే గుర్తు. వెనుకట గుడి పక్కన, చింతచెట్టు కాడ, ఫలానా పటేల్ ఇంటెనుక అని చెప్పుకునేటోళ్లం. ఇప్పుడు పెండ్లి పత్రిక మీద, మందుల షాపు బోర్డు మీద, టిఫిన్ సెంటర్ బోర్డు మీద పిల్లర్ నంబరే. మన అడ్రసే అయిపోయిన ఈ పిల్లర్లు ఎవరిని మోస్తున్నయి, ఎవరిని మోస్తలేవు అన్నది ఇయ్యాల మాట్లాడుకుందాం.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచిండ్రు, బేగంపేట నుంచి పోయే విమానాలన్నీ అక్కడికి మారినయి. విమానాశ్రయం ఊరికి దూరం పోయింది కాబట్టి అక్కడికి పోయేటోళ్లకు సిగ్నల్ లేని బాట కావాలన్నరు. మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి దవాఖాన దగ్గరి నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడుగున నాలుగు వరుసల ఎత్తు రోడ్డు కట్టి, పీవీ నరసింహారావు పేరు పెట్టి, 2009 అక్టోబర్ 19న తెరిచిండ్రు. అప్పటికి దేశంలో ఇంత పొడుగు ఫ్లైఓవర్ లేదని గొప్పగ రాసిండ్రు. రాసినోళ్లు మా పత్రికలోళ్లే, వేరేటోళ్లు కాదు.

రోడ్డు తెరిచిన్నాడే దాని మీద ఎవరు పోవద్దో కూడ తేల్చిండ్రు. మోటర్‌సైకిల్ పోవద్దు. ఆటో పోవద్దు. పెద్ద లారీ పోవద్దు. నడిచేటోని సంగతి చెప్పే పనే లేదు. భద్రత కోసం అంటరు. నిజమే, అంత వేగంలో, అంత ఎత్తులో స్కూటర్ పోతే ప్రమాదమే. కానీ అసలు ప్రశ్న అది కాదు. ఈ నగరంలో ఎక్కువ మంది తిరిగేది రెండు చక్రాల మీద, బస్సు మీద, ఆటోలో, కాళ్ల మీద. అటువంటి నగరంలో వందల కోట్ల ప్రజాధనం పెట్టి కారు తప్ప వేరేది ఎక్కరాని రోడ్డు ముందుగాల ఎందుకు కట్టిండ్రు? ఎవరు అడిగితే కట్టిండ్రు? మనం అయితే అడగలే.

పైన కారు పదిహేను నిమిషాలలోపు ఆరాంఘర్‌లో దిగుతది. కింద రేతిబౌలి, హైదర్‌గూడ, అత్తాపూర్, ఉప్పర్‌పల్లి, శివరాంపల్లి. ఒక్కొక్క చౌరస్తా దాటుడు ఒక్కొక్క పరీక్ష. రోడ్డు నడుమ జాగ పిల్లర్లు తిన్నయి. పక్క జాగ దుకాణాల ముందటి బండ్లు తిన్నయి. మిగిలిన సందులోనే బస్సు ఆగాలె, ఆటో మళ్లాలె, చేతిలో పిల్లను పట్టుకొని తల్లి ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవాలె. పిల్లర్ చాటున నిలబడ్డ మనిషి వచ్చే బండికి కనపడడు, వచ్చే బండి ఆ మనిషికి కనపడదు. ఎత్తు రోడ్డు గీసిన ఇంజినీర్లు ఎంతో చదువుకున్నోళ్లు. కానీ పిల్లర్ కింద రోడ్డు దాటే మనిషిని వాళ్ల కాగితం మీద ఎక్కడ గీసిండ్రో వెతుక్కోవాలె.

ఇక రద్దీ సంగతి. రోడ్డు ఎక్కువ చేస్తే రద్దీ తక్కువయితదని మనకు చిన్నప్పటి నుంచి చెప్తున్నరు. చెరువు నిండితే మత్తడి తవ్వినట్టు అనుకుంటరు. రోడ్డు గుణం వేరే. ఈ కారిడార్‌నే చూడున్రి. పైన బాట పడ్డదో లేదో, ఆరాంఘర్ అవతల, బండ్లగూడ జాగీర్ వైపు, రాజేంద్రనగర్ చుట్టూ భూమి రేటు లేచింది. 'మెహిదీపట్నం పది నిమిషాలే' అని చెప్పి ప్లాట్లు అమ్మిండ్రు, అపార్ట్‌మెంట్లు లేపిండ్రు. ఆ ఇండ్లలో చేరినోళ్లకు బస్సు సరిగ్గ లేదు, కారు కొన్నరు. ఒక్క ఇంట్లో రెండు కూడ కొన్నరు. ఆ కార్లన్నీ మళ్ల ఈ రోడ్డు మీదికే వచ్చినయి. రద్దీ తగ్గించడానికి పోసిన కాంక్రీటే కొత్త రద్దీని పుట్టించింది. రాష్ట్రం వచ్చిన 2014లో తెలంగాణలో ఉన్న బండ్లు 70 లక్షల పైచిలుకు. 2023 నాటికి కోటిన్నర దాటినయి. తొమ్మిదేండ్లలో రెండింతలు! ఏ సర్కారు అయినా తొమ్మిదేండ్లలో రోడ్లను రెండింతలు చేయగలదా? చేయాలంటే ఇండ్లు కూలగొట్టాలె, చెరువులు పూడ్చాలె.

ఇది మన దగ్గరి కథ మాత్రమే కాదు. మన పిల్లలు ఎంతోమంది అమెరికాలో హ్యూస్టన్ నగరంలో ఉన్నరు. అక్కడ పడమటి దిక్కున కేటీ అనే ఊరు దాకా పోయే ఫ్రీవే ఉన్నది. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగనే ఉన్నయి, పండుగలకు వాళ్లు పెట్టే ఫొటోలు మీరూ చూసే ఉంటరు. ఆ ఫ్రీవేను 2003 నుంచి 2008 దాకా వెడల్పు చేసిండ్రు. దాదాపు 280 కోట్ల డాలర్లు పెట్టిండ్రు. బాగ వెడల్పు ఉన్న చోట పక్క రోడ్లతో కలిపి 26 వరుసలు. ఆ పక్కనే పాత రైలుమార్గం ఉండేది, దాని జాగ కూడ రోడ్డులో కలిపిండ్రు. మరి ఏమయింది? 2011కు, 2014కు నడుమనే ఆ దారిలో పొద్దటి ప్రయాణానికి పట్టే సమయం 30 శాతం, సాయంత్రం ప్రయాణానికి పట్టే సమయం 55 శాతం పెరిగినయి. భూమికి, పైసకు కొదవ లేని టెక్సాస్‌లో 26 వరుసలు సరిపోలే. మన అత్తాపూర్‌లో ఎన్ని వరుసలు వేస్తరు? ఒకదాని మీద ఒకటి ఎన్ని అంతస్తులు లేపుతరు?

లేపుతనే ఉన్నరు. 2015 నుంచి వ్యూహాత్మక రహదారుల పథకం అని పేరు పెట్టి నగరమంతా ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు కట్టిండ్రు. బయోడైవర్సిటీ, షేక్‌పేట, కొత్తగూడ, ఒకదాని వెనుక ఒకటి. ఒక చౌరస్తాలో నిలిచిన కారును ఎత్తి ఇంకొక చౌరస్తాలో దించుతరు, జామ్ అక్కడ మొదలయితది, మళ్ల అక్కడ ఇంకొకటి కావాలంటరు. 2019 నవంబర్ 4న బయోడైవర్సిటీ రెండో ఫ్లైఓవర్ తెరిచిండ్రు. అదే నెల 23న వేగంగా వచ్చిన కారు ఒకటి దాని మీది నుంచి కింద పడ్డది. కింద రోడ్డు పక్కన నిలబడ్డ ఆడమనిషి చనిపోయింది. ఆమె ఫ్లైఓవర్ ఎక్కలే, కారు నడపలే. రోడ్డు పక్కన నిలబడ్డది, అంతే. ఫ్లైఓవర్ కొన్నాళ్లు మూసి, వేగానికి అడ్డుకట్టలు పెట్టి, 2020లో మళ్ల తెరిచిండ్రు.

మన కారిడార్ కొస కూడ ఆగలే. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా జాతీయ రహదారిని వెడల్పు చేసే పని ఏండ్లకేండ్లు నడిచింది. ఇటు జూపార్కు దిక్కు నాలుగు కిలోమీటర్ల ఆరు వరుసల ఫ్లైఓవర్‌ను 2025 జనవరిలో తెరిచిండ్రు. దానితోని పాతబస్తీ జనానికి కొంత ఊపిరి ఆడింది, కాదనం. కానీ ఆ పాతబస్తీకే రావాల్సిన మెట్రో సంగతేంది? 2017 నవంబర్‌లో మొదలైన మెట్రో మూడు దారులలో 69 కిలోమీటర్లు పూర్తయింది గని ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా ముక్క మాత్రం అట్లనే మిగిలింది. దానికి 2024 మార్చిలో శంకుస్థాపన చేసిండ్రు. ఫ్లైఓవర్‌కు దొరికిన తొందర రైలుకు ఎందుకు దొరకదు?

ఔటర్ రింగ్ రోడ్డు గురించి ఒక్క ముక్క చెప్పకుంటే ఈ మాట సగమే అయితది. శంషాబాద్ దాటినంక మన రోడ్డు దాన్నే ముట్టుకుంటది గదా. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు, జపాన్ అప్పు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ ముక్క 2008 నవంబర్‌లోనే తెరిచిండ్రు. అంటే విమానాశ్రయానికి, ఐటీ కంపెనీలకు నడుమ బాట ముందు, మిగతా ఊర్లకు వెనుక. అలైన్‌మెంట్ ఎక్కడ ఎందుకు వంకరపోయిందో అసెంబ్లీలో, వీధిలో ఎంత రచ్చ అయిందో ఆనాటి పత్రికలు తిరగేస్తే కనపడతది. రైతు పొలం పోయింది, ఆ పక్క పొలం కొన్నోడు కోట్లకు పడగలెత్తిండు. ఇది పరాయి పాలన చేసిన పని అని అప్పుడు మనం సభల్లో చెప్పుకున్నం. చెప్పుకోవాల్సిందే. కానీ మన రాష్ట్రం వచ్చినంక, 2023లో, ఆ రోడ్డునే 30 ఏండ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఒక ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చిండ్రు. టోల్ వాళ్లు వసూలు చేసుకుంటరు. మన ముప్ఫై ఏండ్ల రాబడి ఒక్కసారికి సర్కారు ఖజానాలో పడ్డది. పార్టీ ఏదైనా, కుర్చీ ఎవరిదైనా, రోడ్డు అంటే కారుకు వేసేదే అన్న ఆలోచన మారలే.

2013 మార్చి 21న సడక్ బంద్ చేసింది ఈ బెంగళూరు రోడ్డు మీదనే. అప్పుడు దాన్ని ఏడో నంబరు జాతీయ రహదారి అనేటోళ్లం, ఇప్పుడు 44 అయింది. మేం కూడ ఆ రోజు రోడ్డెక్కినోళ్లమే. రోడ్డు మనదని చెప్పడానికే ఎక్కినం. ఆ మాటకు ఇంకా జవాబు రాలే.

జవాబు ఎక్కడున్నదంటే బస్సులో ఉన్నది. ఇది మనకు తెల్వని విద్య కాదు. 1932లోనే నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులతో మొదలు పెట్టిండ్రు. సర్కారే జనానికి బస్సు నడపాలన్న ఆలోచన ఈ గడ్డ మీద అంత పాతది. ఒక సిటీ బస్సు రోడ్డు మీద ఆక్రమించేది రెండు మూడు కార్ల జాగ. మోసేది యాభై, అరవై మందిని. పొద్దున మన రూట్లలో అయితే ఎనభై మందిని కూడ మోస్తది, కండక్టర్ అక్క గొంతు పోయేదాకా 'జరగండి, జరగండి' అంటనే ఉంటది. ఆ అరవై మంది కార్లెక్కితే, ఒక్కొక్క కారులో ఇద్దరని లెక్కేసినా ముప్ఫై కార్లు. ఇంత చిన్న లెక్క సెక్రటేరియట్‌లో ఎవరికీ రాదంటే నమ్ముదామా?

2019లో ఆర్టీసీ కార్మికులు యాభై రోజుల పైన సమ్మె చేసిండ్రు. ఆ తర్వాత నష్టాల పేరు చెప్పి నగరంలో వందల బస్సులు తీసేసిండ్రు. రోడ్డుకు నష్టం లెక్క కట్టరు. ఫ్లైఓవర్ ఏడాదికి ఎంత సంపాదించిందని ఎవరూ అడగరు. బస్సును మాత్రం పైసా పైసా లెక్కేసి నిలదీస్తరు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్ తీసేసిండ్రు, మంచి పని. మా అక్కలు ఎందరో పనికి దూరం పోగలుగుతున్నరు. కానీ ఎక్కేటోళ్లు ఎంత పెరిగిండ్రో అంత బస్సులు పెరగాలె గదా. పెరగకపోతే ఫుట్‌బోర్డు మీద వేలాడుడే మిగులుతది.

దక్షిణ కొరియాలో సియోల్ నగరం ఉన్నది. ఊరి నడుమ వాగును కప్పి దాని మీద ఎత్తు రోడ్డు కట్టుకున్నరు. 2003లో ఆ రోడ్డునే కూలగొట్టుడు మొదలుపెట్టి, 2005 నాటికి వాగును మళ్ల పారించుకున్నరు. నడుమ 2004లో రోడ్డు మధ్యన బస్సుకు ప్రత్యేకం వరుసలు ఇచ్చిండ్రు. నగరం ఆగిపోలే. ఈ పిల్లర్లు కూలగొట్టమని మేం అంటలేం. ఉన్నయి, ఉండనీయండి. కింది రోడ్డును మాత్రం కింద తిరిగేటోళ్లకు తిరిగి ఇయ్యాలె. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా బస్సుకు ఒక వరుస. రెండు పక్కల నడిచేటందుకు ఫుట్‌పాత్, దాని మీద బండి కనపడితే జరిమానా. బస్టాపు ఉన్న ప్రతి చోట రోడ్డు దాటేటందుకు సిగ్నల్. జాగ లేదంటరు. బండ్లు పెట్టుకునేటందుకు జాగ ఉన్నది, హోర్డింగులకు ఉన్నది, మనిషి నడవటానికి లేదా?

2024లో ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫారం దాకా, శామీర్‌పేట దాకా రెండు ఎత్తు రోడ్లకు శంకుస్థాపనలు అయినయి. మన దగ్గర ఏం జరిగిందో ఆ బస్తీలోళ్లకు పోయి చెప్పాల్సిన బాధ్యత మన మీద ఉన్నది. అక్కడ పిల్లర్లు లేవకముందే కింది రోడ్డు నక్ష అడిగి తీసుకొమ్మని చెప్పాలె. కాంక్రీటు పోసినంక అడిగితే ఏమయితదో మనకు తెలుసు.

ఇక ఇయ్యాలటి పని. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉన్నది. అర్జీకి పది రూపాయలు, ముప్ఫై రోజుల్లో జవాబు ఇయ్యాలె. మూడు సంగతులు అడుగుతున్నం. మెహిదీపట్నం, ఆరాంఘర్ నడుమ రోజుకు తిరిగే సిటీ బస్సులు 2009లో ఎన్ని, ఇప్పుడెన్ని? ఈ పిల్లర్ల కింద రోడ్డు దాటుతూ బండి తగిలి చనిపోయినోళ్లు, గాయపడ్డోళ్లు ఏడాదికి ఎందరు? ఈ రోడ్డు మీద పోయేటోళ్లను లెక్కపెట్టినప్పుడు బండ్లను లెక్కపెట్టిండ్రా, మనుషులను లెక్కపెట్టిండ్రా? అర్జీ కాగితాలు ఆ బల్ల మీద ఉన్నయి. చదువుకున్న తమ్ముళ్లు ఇద్దరు ముగ్గురు అక్కడ కూసోండి, రాయరాని పెద్దమనుషులకు రాసిపెట్టండి. పేరు, ఇంటి చిరునామా స్పష్టంగ రాయండి. పిల్లర్ నంబరు కూడ రాయండి.