అంటుకోని మచ్చలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 1989 పదో తరగతి బ్యాచ్. 26 ఏళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. "నీ వృత్తిలో నేర్చుకున్నది చెప్పు" అని కమిటీవారు అడిగారు. ముందు రెండు తప్పులు ఒప్పుకుంటాను.

ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయికి వేళ్ల కొసల మీద తెల్లమచ్చలు వచ్చాయి. బొల్లి అంటుకుంటుందని ఎవరో అన్నారు. నేను సంచీ తీసుకుని వెనక బెంచీకి వెళ్లిపోయాను. ఆ ఏడాదంతా తను ఒక్కతే కూర్చుంది.

రెండోది పార్లర్ పెట్టిన కొత్తలో. బొల్లి ఉన్న ఒక డిగ్రీ అమ్మాయి చేతులకు వ్యాక్సింగ్ చేశాను. వేడి ఎక్కువై చర్మం కందింది. కొన్ని వారాలకు కందిన చోటే కొత్త మచ్చ లేచింది. వాళ్లతోపాటు చర్మవైద్యురాలి దగ్గరికి నేనూ వెళ్లాను. ఆవిడ తిట్టలేదు, ఓపిగ్గా చెప్పారు.

రోగాల నుంచి కాపాడాల్సిన మన రక్షణ వ్యవస్థే ఒక్కోసారి దారి తప్పి సొంత శరీరం మీద పడుతుందట. రంగునిచ్చే కణాల మీద పడితే బొల్లి. వెంట్రుకల కుదుళ్ల మీద పడితే పేనుకొరుకుడు. సోరియాసిస్‌లో నెల రోజులకు మారాల్సిన పైచర్మం కొద్ది రోజుల్లోనే మారిపోయి పొలుసులు కడుతుంది. లూపస్‌లో బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా ఎరుపు వస్తుంది, ఎండ తగిలితే ఎక్కువవుతుంది. వీటిలో ఏదీ అంటువ్యాధి కాదు. బొల్లి కుష్టూ కాదు. కాకపోతే బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్లకు గీరుకున్న చోట, కాలిన చోట కొత్త మచ్చ రావచ్చు. దీన్ని కోబ్‌నర్ లక్షణం అంటారు. నా వ్యాక్సింగ్ చేసింది అదే.

అప్పటినుంచి మా పార్లర్‌లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. చర్మం సంగతి పదిమందిలో కాకుండా పక్కకు పిలిచి అడుగుతాం. మచ్చలు పెరుగుతున్నవాళ్లకు వ్యాక్సింగ్, థ్రెడింగ్, బ్లీచ్ చేయం, డాక్టర్ని అడిగి రమ్మంటాం. జుట్టు రంగు వేసేముందు చెవి వెనక కాస్త రాసి రెండు రోజులు ఆగుతాం. స్టిక్కర్ బొట్టు జిగురులోని కొన్ని రసాయనాల వల్ల కూడా నుదుట తెల్లమచ్చ పడవచ్చు, అది కనిపిస్తే వెంటనే మానేయమంటాం. తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడితే మనిషికి తనంతట తనకు తెలియదు, ముందు చూసేది మేమూ మంగలి షాపువాళ్లూ. మెల్లగా చెప్పి వైద్యానికి పంపుతాం. "మా ఫేషియల్‌తో పోతుంది" అని మాత్రం ఎవరితోనూ అనం. మచ్చ కప్పే మేకప్ వేస్తాం, అదీ వాళ్లు అడిగితేనే.

ఒకసారి మా దగ్గర పనిచేసే అమ్మాయి, సోరియాసిస్ ఉన్న ఒకావిడను చూసి గ్లోవ్స్ తొడుక్కుంది. ఆవిడ ఏమీ అనలేదు, చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు కప్పుకుంది. ఆ అమ్మాయికి ఒకటే చెప్పాను: తొడుక్కుంటే అందరికీ తొడుక్కో, ఆవిడ ఒక్కదానికే వద్దు.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీ తరగతిలో ఎవరికైనా బొల్లి అని డాక్టరు తేల్చితే, అది అంటుకోదని మిగతా పిల్లలకు వెంటనే చెప్పండి. పిల్లలు బెంచీ మారకముందే చెప్పండి.

నా పాత స్నేహితురాలు ఈ సభలోనే ఉంది. పొద్దున పేర్లు రాయించుకునే చోట చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. "నువ్వు వెళ్లిన రోజు సోమవారం" అంది. ముప్పై ఏళ్లు దాటినా వారం మరిచిపోలేదు. తర్వాత, "భోజనాల దగ్గర నా పక్కన చోటు ఉంచుతాలే" అంది.

అందుకే ఎక్కువసేపు మాట్లాడను. సెలవు.