ఆముదపు బూడిద, పటిక నీరు: దక్షిణ తెలంగాణ మెట్టసీమలో మొక్కల రంగుల చరిత్ర

పేర్లు ఏ దస్తావేజులోనూ మిగలని అద్దకపు పనివారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నూలుకు రంగు ఎలా పట్టిందో, ఆ పట్టు ఎప్పుడు సడలిందో, ఆరోగ్యానికీ నేలకూ చేటు లేకుండా దాన్ని తిరిగి నిలబెట్టాలంటే ఏది మార్చాలో పరిశీలిస్తుంది. ఈ ప్రాంతపు అద్దకంలో అసలు విద్య రంగులో కన్నా, రంగు పడకముందు నూలును సిద్ధం చేయడంలోనే ఎక్కువగా ఉన్నదనీ, ఆధునికీకరణ కూడా అక్కడి నుంచే మొదలు కావాలనీ ఈ సభ ముందు ఉంచదలచిన ప్రతిపాదన.

పత్తి నూలు చాలా మొక్కల రంగులను తనంతట తాను నిలుపుకోదు. నారకూ రంగుకూ నడుమ ఒక లోహ లవణం ఉండాలి. దాన్నే శాస్త్రజ్ఞులు రంగుబంధకం అంటారు. ఎరుపు, పసుపు రంగులకు పటికా, నలుపుకు బెల్లపు నీటిలో తుప్పు ఇనుమును నానబెట్టి పులియబెట్టిన ద్రవమూ మన దేశంలో అనాదిగా వాడుకలో ఉన్న బంధకాలు. పత్తి విషయంలో పటికకు ముందు కరక్కాయ వంటి వగరు పదార్థం కూడా కావాలి, ఎందుకంటే వగరు నారను అంటుకుంటుంది, పటిక వగరును అంటుకుంటుంది, రంగు పటికను అంటుకుంటుంది. పట్టు మాంసకృత్తుతో ఏర్పడిన దారం కాబట్టి దానికి ఈ వగరు మెట్టు సాధారణంగా అక్కరలేదు. నూలు ఒళ్లు, పట్టు అంచు ఒకే చీరలో కలిసే గద్వాల నేతలో ఈ భేదం బాగా బయటపడుతుంది: ఒకే కషాయంలో ముంచినా రెండు దారాలు రెండు ఛాయలు తేలతాయి కనుక, అక్కడ మొక్కల రంగు వేయదలచినవారు రెండింటికీ వేర్వేరు పాళ్లు కట్టుకోక తప్పదు.

గోల్కొండ రాజ్యకాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఎగుమతి అయిన అద్దకపు బట్టల ఎరుపు చిరివేరుది. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే ఆ చిన్న మొక్క వేరులో ఎలిజరిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. అదే తీరంలోని చీరాల, తేలియా రుమాలుకు పేరు మోసింది. ఆ విద్య లోతట్టున సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాకలో వేళ్లూని నేటికీ నిలిచి ఉన్నది. ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో చతురస్రాలుగా నేసే ఈ రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాల దాకా వెళ్లి తలగుడ్డలయ్యాయి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

తేలియా రుమాలుకు నూలును సిద్ధం చేసే పద్ధతిని కొంత దగ్గరగా చూడవలసి ఉన్నది. ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి, తేరిన క్షారజలంలో నూనె పోసి గిలకొడితే పాల వంటి ద్రవం తయారవుతుంది. నూలును అందులో ముంచి, పిసికి, ఎండబెట్టి, మరునాడు మళ్లీ ముంచి, ఇలా రెండు మూడు వారాలు సాగిస్తే నూనెలోని ఆమ్లాలు దారం లోపలికి చేరి, పటికతోనూ ఎలిజరిన్‌తోనూ గట్టిగా కలిసే గుణాన్ని సంతరించుకుంటాయి. నేసిన రుమాలుకు నూనె వాసన మిగలడానికీ, ఉతికేకొద్దీ ఎరుపు నిగారించడానికీ కారణం ఇదే. నల్లగొండ, పాలమూరు మెట్టభూములు ఆముదానికి పేరుపడినవి కనుక, నూనె గింజలో, క్షారం పొట్టులో దొరికే ఈ పద్ధతి ఇక్కడి చేనుకు అతికినట్టు సరిపోయింది.

ఇటువంటి నూనె పద్ధతే తూర్పు మధ్యధరా దేశాల నుంచి 18వ శతాబ్దంలో ఐరోపాకు చేరి టర్కీ ఎరుపు అనిపించుకున్నది. 1868లో గ్రేబె, లీబెర్మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు ఎలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశాక వేరు తవ్వకం లాభసాటి కాకుండా పోయింది. 1897లో కృత్రిమ నీలిమందు మార్కెట్‌కు వచ్చి నీలి సాగును కూడా దెబ్బతీసింది. ఆముదాన్ని గంధకామ్లంతో మార్చి చేసిన టర్కీ రెడ్ ఆయిల్, వారాల తరబడి సాగే నూనె పనిని కుదించింది. ఈనాటికీ అద్దకపువారు టీఆర్ ఆయిల్ అని పిలిచేది దాన్నే. పుట్టపాక ఎరుపు కూడా ఈ మార్పుకు అతీతం కాదు: చిరివేరు పోయి కృత్రిమ ఎలిజరిన్ వచ్చింది, నూనె సంస్కారం మాత్రం మిగిలింది. సంప్రదాయం ఒకసారి ఇలా మారి కూడా నిలిచిందన్న విషయం, ఏ మార్పూ కూడదనేవారు తప్పక గుర్తించవలసినది.

నిజమైన చేటు తరువాత వచ్చిన కొన్ని అజో రంగులతో మొదలైంది. నత్రజని జంట బంధం ఉండే ఈ రంగుల్లో కొన్ని, విడిపోయినప్పుడు బెంజిడిన్ వంటి క్యాన్సర్ కారక అమీన్లను వెలువరిస్తాయి. జర్మనీ 1994లో వీటిపై నిషేధం విధించగా, భారత ప్రభుత్వం 1997లో అనేక అజో రంగుల వాడకాన్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2002లో అటువంటి అమీన్లకు బట్టలో కిలోకు 30 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. ఈ కట్టుబాట్లు ప్రధానంగా కొనేవారిని కాపాడతాయి. వేడి తొట్టెలో ఉత్త చేతులతో నూలు తిప్పేవారినీ, ఆ తొట్టె నీరు పారే కాలువనూ కాపాడడానికి అవి చాలవు. ఫ్లోరైడ్ నీటితో తరాలుగా బాధపడిన నల్లగొండ జిల్లాలో, తొట్టె నీరు ఎక్కడ ఇంకుతున్నదన్న ప్రశ్నను ఎవరూ తేలికగా తీసుకోరాదు.

మొక్కల రంగు అన్నంత మాత్రాన ఈ చిక్కు తీరిపోదు. ఛాయ మెరుపు కోసం మైలుతుత్తాన్నో, పొటాషియం డైక్రోమేట్‌నో బంధకంగా వాడితే మోదుగ పూల కషాయం కూడా విషపు నీటినే మిగులుస్తుంది. డైక్రోమేట్‌లోని క్రోమియం రూపం క్యాన్సర్ కారకం. కాబట్టి బంధకం పటికకూ, మితంగా ఇనుముకూ పరిమితం కావాలి. అదీ గుప్పెళ్ల లెక్కన కాక తూకం లెక్కన, అంటే నూలు బరువులో పటిక నూటికి 10 నుంచి 20 పాళ్ల మధ్య ఉండాలి. నీలికి హైడ్రోస్, కాస్టిక్ సోడా అనే రసాయనాల బదులు తగిరిస గింజలతో, సున్నంతో పులియబెట్టే బాన ఉన్నది. దాని నుంచి పసుపుపచ్చగా పైకి తీసిన నూలు గాలి తగిలి చూస్తుండగానే నీలమవుతుంది. పులియడం సూక్ష్మజీవుల పని కాబట్టి వేడి, క్షారత తప్పితే బాన చెడుతుంది. ఉష్ణమాపకం, క్షారతను తెలిపే కాగితం ఇక్కడ ఆడంబరం కావు. హైదరాబాదు కేంద్రంగా చేనేతకు అండగా నిలిచిన దస్తకార్ ఆంధ్ర ఇటువంటి రంగుల వాడకాన్ని ప్రోత్సహించింది.

పోచంపల్లి, పుట్టపాకల చిటికి పనికి మరో చిక్కు ఉన్నది. అక్కడ రంగు తగలకూడని చోట నూలును సైకిలు ట్యూబు రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. గంటల కొద్దీ మరిగే కషాయంలో కట్టు కిందికి రంగు పాకితే నమూనా చెడుతుంది. మరిగించనక్కరలేని నీలి బాన ఈ పనికి అనువైనది. బెరడు, పూల రంగులకు మాత్రం ముందే వడగట్టి చిక్కబరచిన సారాలు కావాలి. శ్రమను తగ్గించే పరికరానికి ఇక్కడే ఒక ఉదాహరణ ఉన్నది: ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రం, చిటికి కట్టుకు ముందు నూలును వరసగా పోసే ఆసు పనిలోని చేతి నొప్పిని తీసివేసి కళను చేతిలోనే ఉంచింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. రంగు తొట్టెకు కూడా అదే తీరు పరికరం రావలసి ఉన్నది.

ముడిసరుకు మాటకు వస్తే, చిరివేరు ఇసుక తీరానిది, ఈ మెట్టకు సులభంగా రాదు. దానిమ్మ తొక్క, బంతి పూలు, తుమ్మ బెరడు, నల్లమల కరక్కాయ అందుబాటులో ఉన్నా, బతుకమ్మకు పూలిచ్చే తంగేడు బెరడును వగరు కోసం ఒలిస్తే పొద చచ్చిపోతుంది. కొమ్మలు నరికి, మళ్లీ చిగిర్చనిచ్చే పద్ధతినే పాటించాలి. ఎండకు వెలిసే పూల పసుపులను చీరకు కాక లోదుస్తులకో, పిల్లల బట్టలకో వాడడం మేలు. చీర మడతలో పెట్టే చీటీపై ఏ మొక్క, ఏ బంధకం వాడారో, ఎరుపు వేరుదో కృత్రిమ ఎలిజరిన్‌దో సహకార సంఘాలు ముద్రించడం, ఈ పనుల్లో ఖర్చు తక్కువైనది, రేపే మొదలుపెట్టదగినది.